తంతి సారు వసారా

మొన్న ఒక పెళ్లికి తిరుపతి పోయినప్పుడు, ముహూర్తానికి ఇంకా టైముందని గోవిందరాజస్వామి కోనేరు పక్కనుంచి నడుచుకుంటూ మా పాత ట్యూషన్ వీధిలోకి తిరిగాను. సారు ఇల్లు లేదు. ఆ జాగాలో నాలుగంతస్తుల లాడ్జి లేచింది. బోర్డు మీద ‘రూములు కలవు. వేడినీళ్లు. లిఫ్టు’ అని ఉంది. నడివీధిలో నిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. సారు చూసుంటే ఎర్ర పెన్సిల్ తీసి ‘కలవు’ కొట్టేసేవారు. రూములు లేకపోతే బోర్డెందుకు పెడతాడమ్మా, దండగ మాట అనేవారు.

‘లకానిక్’ అనే ఇంగ్లీషు మాట నాకు ఆ వీధిలోనే పట్టుబడింది. బ్యాంకు పరీక్షల కోసం అలాంటివి ఎన్ని బట్టీ పట్టామో లెక్కలేదు. పరీక్ష రాసి బయటికి రాగానే సగం అక్కడే రాలిపోయేవి. ఇదొక్కటి మాత్రం ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు.

*

సారును ఆ వీధిలో ఎవరూ అసలు పేరుతో పిలిచేవాళ్లు కాదు. తంతి తపాలా శాఖలో పనిచేసి రిటైరైనారు కాబట్టి తంతి సారు. కొత్తగా చేరిన పిల్లకాయలు ‘తంతాడంటనా?’ అని గుసగుసలాడేవాళ్లు. పాతవాళ్లు ఆ భయం తీర్చేవాళ్లు కాదు, పైగా ఇంకాస్త పెంచేవాళ్లు.

నాది చంద్రగిరి. పొద్దున మీటర్ గేజ్ బండెక్కి తిరుపతి రావడం, కాలేజీ అయ్యాక ట్యూషన్, మళ్లీ చీకటి పడేవేళకి పాకాల బండి పట్టుకోవడం. సాయంత్రం సారు వసారాలో కూర్చుంటే గుడి గంటలు, జట్కా గుర్రాల గిట్టల చప్పుడు, ‘వేర్కడలై, వేర్కడలై’ అంటూ అరవ యాత్రికుల కోసం గొంతు మార్చే చెనిక్కాయలవాడు. గుండు చేయించుకుని చందనం పూసుకున్న పిల్లలు వసారా ముందు ఆగి మా వైపు వింతగా చూసేవాళ్లు. ఇంతమంది పెద్దవాళ్లు నేలమీద కూర్చుని పలకలోని ఒకే ఒక్క మాట వంక గుడ్లప్పగించి ఎందుకు చూస్తున్నారో వాళ్లకు అర్థమయ్యేది కాదు.

అవును, రోజుకి ఒకే మాట. పలక మీద సుద్దముక్కతో రాసి గోడకి ఆనించేవారు. ఆ మాట వాడుతూ ప్రతివాళ్లూ ఒక వాక్యం రాయాలి. ఆఫీసులో చెత్త కింద తీసేసిన పాత టెలిగ్రాం ఫారాలు కట్టలుగా ఉండేవి ఆయన దగ్గర. వాటి వెనకవైపు రాయాలి. పది మాటలు దాటకూడదు. దాటితే టెలిగ్రాంకి వేసినట్టే ఛార్జి, మాటకి ఐదు పైసలు. గూట్లో హార్లిక్స్ సీసా ఒకటి ఉండేది, అందులో వేయాలి. శనివారం ఆ డబ్బులతో మిరపకాయ బజ్జీలు తెప్పించేవారు. ఆ వారం ఎవరెంత వాగారో బజ్జీల పొట్లం సైజు చూస్తే తెలిసేది.

పలక మీద ‘లకానిక్’ వచ్చిన రోజు ముందు వరస పిల్లకాయ ఒకడు ‘లాకోనిక్’ అని చదివాడు. “లకానిక్. బరువంతా ‘కా’ మీద పెట్టు” అన్నారు సారు. తర్వాత గ్రీసు దేశం పటం గాలిలోనే వేలితో గీశారు. కింద స్పార్టా. దాని చుట్టుపక్కల ప్రాంతం పేరు లాకోనియా. అక్కడి వాళ్లు యుద్ధం తప్ప వేరే పని ఎరుగరు. మాట్లాడితే బంగారం ఖర్చయిపోతుందన్నట్టు ఉండేవాళ్లు. ఆ ప్రాంతం పేరే ఆ గుణానికి పేరైపోయిందని చెప్పారు.

మాసిడోనియా రాజు ఫిలిప్, అలెగ్జాండర్ వాళ్ల నాయన, స్పార్టాకి కబురు పంపాడట. నేను గనక లాకోనియాలో అడుగు పెడితే మిమ్మల్నందరినీ తరిమి పారేస్తానని. స్పార్టా వాళ్లు తిరుగు జాబు పంపారు. ‘ఇఫ్’. అంతే.

“తెలుగులో ఇంకా చవక. ‘అడుగు పెడితే’ అన్నాడు కదా, ఆ ‘తే’ ఒక్కటి తిరుగు టపాలో పంపితే చాలు” అని సారు తన జోకుకి తానే పడీపడీ నవ్వారు.

“మరి ఆ తర్వాత వచ్చినాడా సార్ ఫిలిప్?” అన్నాడు వెనకనుంచి ఒకడు. ఎప్పుడూ ఇలాంటివే అడిగేవాడు.

“వచ్చినాడు. క్రీస్తుపూర్వం 338లో. పల్లెలన్నీ దోచుకున్నాడు. ఊరి జోలికి మాత్రం పోలేదు” అని సారు ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోవడం నాకు కథకంటే బాగా నచ్చింది. వేరే మాస్టర్లయితే ‘ఇఫ్’ దగ్గరే చప్పట్లు కొట్టించి ఆపేసేవాళ్లు.

ఇంకొక కథ కూడా చెప్పారు. పర్షియా వాళ్ల మీద థెర్మోపిలే కనుమ దగ్గర యుద్ధం. వాళ్లు బాణాలు వేస్తే సూర్యుడు కూడా కనపడడని ఎవరో భయపెడితే, డియెనెకెస్ అనే స్పార్టా సైనికుడు ‘మంచిదే, నీడపట్టున కొట్లాడొచ్చు’ అన్నాడట. తిరుపతి ఎండల్లో మాకు ఆ కథ ఎంత ఎక్కిందంటే, ఆ వేసవంతా చెట్టు నీడ కనిపిస్తే చాలు, ‘నీడపట్టున కొట్లాడదాం రా’ అనుకునేవాళ్లం.

*

వాక్యాలు రాయమంటే అసలు తమాషా మొదలైంది. ఒకడు ‘మా అమ్మ చేసిన సాంబారు లకానిక్‌గా ఉంది’ అని రాశాడు. సాంబారు తక్కువగా చేసిందట. సారు కోప్పడలేదు. “ఇది మాటకి పెట్టే మాట నాయనా. జవాబు లకానిక్‌గా ఉండొచ్చు, ఉత్తరం ఉండొచ్చు, మాట్లాడే మనిషిని కూడా అనొచ్చు. సాంబారుకి నోరుందా?” అన్నారు.

అందరికీ చిక్కు వచ్చింది మాత్రం ‘టాసిటర్న్’ దగ్గర. అదీ తక్కువ మాట్లాడటమే కదా, రెండింటికీ తేడా ఏంది? పరీక్షలో నాలుగు ఆప్షన్లిచ్చి ఈ రెంటినీ పక్కపక్కన పెడితే చచ్చామే అని మా టెన్షన్. సారు గడప వైపు చూశారు. లోపల సారు వాళ్లావిడ, మాకందరికీ అమ్మ, సంగటి కెలుకుతోంది.

“ఏమే, ఈ పొద్దు కూరేంది?”

“తిను.”

వసారా అంతా ఒక్కసారి గొల్లుమంది. సారు పలక మీద చెయ్యి పెట్టి, “ఇదీ లకానిక్. ఒకే మాట, ఇంక మళ్లీ అడగడానికి లేదు. మాట్లాడటమే ఇష్టం లేక ముడుచుకుని కూర్చుంటే అది టాసిటర్న్, అది మనిషి స్వభావం. టాసిటర్న్ మనిషి దగ్గర మాటే ఉండదు. లకానిక్ మనిషి దగ్గర ఉంటుంది, కొద్దిగా ఉంటుంది, తగులుతుంది” అన్నారు.

ఆ రోజునుంచి మాలో రెండు పార్టీలయ్యాయి. అసలైన లకానిక్ సారా, అమ్మా? నేను అమ్మ పార్టీ. బ్యాచ్‌లో ఆడపిల్లని నేనొక్కదాన్నే కావడంతో గడపకి అటువైపు, వంటింటి దగ్గర కూర్చునేదాన్ని. అమ్మ నన్ను ‘అమ్మణ్ణీ’ అనేది. చేతిలో ఊరుబిండి పెట్టి ‘చూడు’ అనేది. ఉప్పు చూడమనా, కారం చూడమనా, తినమనా, అన్నీ ఆ ఒక్క మాటలోనే. బండికి టైమవుతుంటే గోడ గడియారం వైపు ఒకసారి చూసి, నా చెప్పుల వైపు చూసేది. అంతే, నేను లేచేదాన్ని.

సారు సంగతి వేరు. ఇంగ్లీషులో ఎంత పిసినారో తెలుగులో అంత ధారాళం. ట్యూషన్ అయిపోయాక అరుగు మీద కూర్చుని, చిన్నప్పుడు కాట్పాడి నుంచి బండిలో రావడం దగ్గర మొదలుపెట్టి ఎవరెవరి పెళ్లిళ్లలో ఏమేమి వడ్డించారో దాకా వెళ్లేవారు. దీనికి ఆయన లెక్క ఆయనకుంది. “ఇంగ్లీషు మాటకి జీవితమంతా డబ్బులు వసూలు చేసినోణ్ణి. తెలుగుకి ఎవడు బిల్లేసినాడు?”

*

అలాంటివే మరికొన్ని మాటలు వరసగా వచ్చాయి ఆ నెల. ‘సక్సింక్ట్’ రోజు సారు లేచి నిలబడి పంచె పైకి ఎగ్గట్టి చూపించారు. లాటిన్‌లో దాని అర్థం అదేనట, బట్ట ఎగదోపి నడుముకి బిగించుకోవడం. పనికి అడ్డం రాకుండా కుచ్చిళ్లు పైకి దోపుకున్న మాట అన్నమాట. ‘టెర్స్’ అంటే తుడిచి శుభ్రం చేసింది. ‘కన్సైజ్’లో కోత ఉంది. ‘కర్ట్’ గురించి మాత్రం జాగ్రత్త అన్నారు, అందులో మొహం మీద తలుపేసిన చప్పుడు వినిపిస్తుందని.

గంగమ్మ జాతర వారంలో ట్యూషన్ ఉండేది కాదు. అది నోళ్లకి తాళాలు తీసే వారం. వేషం కట్టినవాళ్లు ఎవరిని ఏ బూతు తిట్టినా ఆ వారం చెల్లుతుంది, తిట్టించుకున్నవాళ్లు కోపగించుకోకూడదు. ఒక ఏడు మా బ్యాచ్ పిల్లకాయే తోటి వేషం కట్టాడు. ఒంటినిండా బొగ్గు పూసుకుని, వేపాకు కట్టుకుని, వసారా ముందుకొచ్చి సారుని ఊపిరి తిప్పుకోకుండా వాయించాడు. ఏడాదిపాటు కట్టిన ఐదు పైసల కసి అంతా తీర్చుకున్నాడు. సారు ఆ తిట్లన్నీ వేళ్లు మడుచుకుంటూ విన్నారు. వాడు ఆగాక, “ముప్పై ఒకటి. పనికొచ్చేవి రెండే” అన్నారు. వాడి బొగ్గు మొహంలో పళ్లు మాత్రం తెల్లగా కనిపించాయి.

*

మా జేజికి తంతి అంటే చావే. పోస్టుమాన్ వేళగాని వేళ సైకిలు దిగితే చాలు, కవరు చించకముందే గుండెలు బాదుకునేది. ఊళ్లో సగం మంది అంతే. ఏడుపు ముందు, చదవడం తర్వాత. అందులో ‘రీచ్డ్ సేఫ్‌లీ’ అని ఉన్నా, చదివిపెట్టే మనిషి దొరికేదాకా ఏడుపు ఆగేది కాదు.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. చావు కబురు టెలిగ్రాంలకు ముందు ‘ఎక్స్ ఎక్స్’ అని గుర్తు ఉండేది. అది కనిపిస్తే మిగతావన్నీ పక్కన పెట్టి దాన్ని ముందు పంపాలి. సారు చేరిన కొత్తలో ఇంకా మోర్స్ టకటకలే, చెవితో విని చేత్తో రాసుకోవడం. టెలిప్రింటర్లు ఆ తర్వాత వచ్చాయి. అరుగు మీద అన్ని కథలు చెప్పిన మనిషి ఎక్స్ ఎక్స్ కథలు చెప్పేవారు కాదు. ఒక్కసారి, ఎవరో గుచ్చి గుచ్చి అడిగితే, ఒకటి చెప్పారు.

రాత్రి డ్యూటీలో వచ్చిందట. ఎక్కడినుంచో దర్శనానికి వచ్చి సత్రంలో దిగిన మనిషికి. ‘మదర్ ఎక్స్‌పైర్డ్ కమ్ సూన్.’ డెలివరీ మనిషి సత్రానికి పోతే ఆయన అప్పటికే కొండెక్కేశాడు. పొద్దున దిగి వచ్చేదాకా ఆ కాగితం సత్రం గుమాస్తా బల్ల మీదే ఉండిపోయింది. సారు డ్యూటీ దిగి ఇంటికి పోకుండా అక్కడికే పోయి కూర్చున్నారట. ఆ మనిషి గుండుతో, చేతిలో లడ్డూల సంచితో గేటు లోపలికి వచ్చాడు.

ఆ పైన సారు చెప్పలేదు. కాసేపటికి మాలో ఒకడు, అలవాటు కొద్దీ, “అందులో ‘సూన్’ దండగే కదా సార్” అన్నాడు.

“ఉండనీ” అన్నారు సారు.

*

టెలిగ్రాంలో శుభాకాంక్షలకి నంబర్లు ఉండేవి. దీపావళికి ఒకటి, పెళ్లికి ఎనిమిది, అలా పట్టిక. మనం ఫారంలో నంబరు వేస్తే చాలు, అవతల పూర్తి వాక్యం అచ్చయి పోతుంది. ఎనిమిది అంటే దీర్ఘకాలం సుఖంగా కాపురం చేసుకోండి అని. కొండమీద పెళ్లిళ్లు జరిగే ముహూర్తాల రోజుల్లో ఎనిమిదులు కుప్పలు పడేవని సారు చెప్పేవారు. మా బ్యాచ్‌లో ఎవరికి సంబంధం కుదిరినా ‘వాడికి ఎనిమిది పడిందిరోయ్’ అనుకునేవాళ్లం. ఈ మాట ఇంట్లో వాడితే మా నాయన ఏదో పరీక్ష మార్కులనుకుని కంగారు పడ్డాడు.

నా పెళ్లికి సారు రాలేకపోయారు. పూల బొమ్మలున్న కాగితం మీద టెలిగ్రాం వచ్చింది. నెల తర్వాత కనిపిస్తే, “ఎనిమిది పంపినా, అందిందా?” అన్నారు. అమ్మ పక్కనుంచి నా మెడలో నల్లపూసలు సరిచేసి, “బాగుంది” అంది. నల్లపూసలా, నేనా, మొగుడా అని నేను అడగలేదు.

అప్పట్లో షాపుల బిల్లుల మీద కూడా ఫోన్ నంబరు పక్కన ‘గ్రామ్స్’ అని ఒక మాట ఉండేది. పొడుగు అడ్రసు రాసే పని లేకుండా కంపెనీలు తీసుకున్న టెలిగ్రాం పేరు అది. ఇప్పటి పిల్లలకి పాత బిల్లు చూపిస్తే తూకం అనుకుంటారేమో.

*

ఉద్యోగం వచ్చాక తెలిసింది, నేను నేర్చుకున్న విద్య ఆఫీసులో చెల్లదని. నేను చేరిన చోట ఒక అధికారి ఉండేవాడు. ఉత్తరం రెండు పేజీలకు తగ్గితే సంతకం పెట్టేవాడు కాదు. ‘పై విషయమునకు సంబంధించి తమకు తెలియజేయునది ఏమనగా’ అని మొదలైతే ఆ ‘ఏమనగా’ వచ్చేది రెండో పేజీలో. ఇంగ్లీషులో ఇంకా ఘోరం. ఒకసారి సెలవుల్లో వచ్చినప్పుడు ఫ్యాన్ మార్చమని పైఆఫీసుకి రాసిన డ్రాఫ్టు సారుకి చూపించాను. ఎర్ర పెన్సిల్ తీసి కొట్టేయడం మొదలుపెట్టారు. చివరికి మిగిలింది: ‘ఫ్యాన్ డెడ్. రీప్లేస్.’

కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

“ఇది నువ్వు నాకు రాస్తే లకానిక్. పైవాడికి రాస్తే కర్ట్ అయిపోతుంది. ఒక ‘ప్లీజ్’ పెట్టుకో అమ్మాయ్. ఐదు పైసలు నేను కడతా” అన్నారు.

ఈ సంగతి ఏ డిక్షనరీలోనూ ఇంత బాగా నాకు దొరకలేదు. అవే మాటలు, ఎవరు ఎవరికి చెప్తున్నారన్నదాన్ని బట్టి పేరు మారిపోతుంది. మన దగ్గర చిన్నవాళ్లు పెద్దవాళ్లకి ఒక్క మాటలో జవాబిస్తే దాన్ని లకానిక్ అని ఎవరూ మెచ్చుకోరు, పొగరంటారు.

సారు ఎప్పుడూ చెప్పే కథల్లో ఒకటుంది. 1843లో చార్లెస్ నేపియర్ సింధ్‌ని గెలిచి పైవాళ్లకి ‘పెక్కావి’ అని ఒకే మాట పంపాడని. లాటిన్‌లో నేను పాపం చేశాను అని అర్థం. ఇంగ్లీషులో ‘ఐ హావ్ సిన్డ్’. అది సింధ్ నాకు చిక్కింది అన్నట్టు కూడా వినిపిస్తుంది. చాలా ఏళ్ల తర్వాత చదివాను, నేపియర్ అలాంటిది పంపనే లేదట. కేథరిన్ వింక్‌వర్త్ అనే అమ్మాయికి తట్టిన చమత్కారం అది, 1844లో పంచ్ పత్రికలో అచ్చయింది. సారుకి చెప్తే బాధపడతారేమో అనుకున్నాను. పొంగిపోయారు. “నాకు అనుమానంగానే ఉండేది. మన దేశంలో తీగ లాగిందే 1850లో, కలకత్తా నుంచి డైమండ్ హార్బర్ దాకా. ఆ పిల్ల గట్టిది!” అని అమ్మని పిలిచి మరీ చెప్పారు. అమ్మ “ఊఁ” అంది.

*

2013 జూలైలో టెలిగ్రాంలు ఆపేస్తున్నారని పేపర్లో వచ్చింది. 14వ తేదీ ఆఖరు. నేనప్పుడు హైదరాబాదులో ఉన్నాను. ఆఖరి రోజు కౌంటర్ దగ్గర చాంతాడంత క్యూ. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ టెలిగ్రాం మొహం చూడని కాలేజీ పిల్లలు కూడా గుర్తుగా ఉంటుందని తమకి తామే పంపుకుంటున్నారు. నా వంతు వచ్చాక సారు అడ్రసు రాసి, కింద ‘లకానిక్’ అని ఒక్క మాట రాశాను.

“ఇంకా రాసుకోవచ్చు మేడమ్, రేటు అంతే” అన్నాడు కౌంటర్లో అబ్బాయి.

“చాలు” అన్నాను.

కొన్నాళ్లకి ఫోన్ చేశారు. “అందింది” అన్నారు ఇంగ్లీషులో, ఒకే మాట. ఇక అక్కడినుంచి తెలుగులోకి దిగి, నా ఫోన్ ఛార్జింగ్ అయిపోయేదాకా వదల్లేదు.

సారు పోయింది ఆ తర్వాత కొన్నేళ్లకి. అప్పటికి ఇల్లు అమ్మేసి చిత్తూరులో కూతురి దగ్గర ఉంటున్నారు. దినం రోజున పాత పిల్లకాయలం చాలామందే చేరాం. సగం మందికి బట్టతలలు. ఎవరో మైకు కూడా తెచ్చారు. సారు మాటని ఎంత పొదుపుగా వాడాలో నేర్పారని ఒక్కొక్కరు లేచి చెప్పడం మొదలుపెట్టారు. రైల్వేలో పనిచేసేవాడు పావుగంట చెప్పాడు. తోటి వేషం కట్టినవాడు ఏడ్చుకుంటూ అంతకంటే ఎక్కువ చెప్పాడు. బ్యాంకు మేనేజరైనవాడు ‘లకానిక్ అనే పదం గ్రీకు భాష నుంచి’ అని ఎత్తుకుని స్పార్టా దాటి థెర్మోపిలే దాకా వచ్చాడు. కూతురు రెండుసార్లు గడప దగ్గరికి వచ్చి చూసి పోయింది. వంటవాళ్లు గరిటెలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

లోపలినుంచి అమ్మ వచ్చింది. గోడకి ఆనుకుని కాసేపు విన్నది.

“అన్నం చల్లారతా ఉంది.”

మేనేజరు వాక్యం మధ్యలోనే మైకు కింద పెట్టి, పోయి ఆకు ముందు కూర్చున్నాడు.